వాన వెలిసింది సరే, నది ఒడ్డు పార్కుకు ఎప్పుడు వెళ్లొచ్చు?

ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారని తెలిస్తే చాలు, బెజవాడ సగం కృష్ణ ఒడ్డుకే చేరుతుంది. పున్నమి ఘాట్, పద్మావతి ఘాట్, కృష్ణలంక పార్కులు, కరకట్ట రోడ్డు, ఎక్కడ చూసినా ఫోన్లు పైకెత్తిన జనమే. వరద ఉరుకుతున్నప్పుడు పోలీసులు ఉంటారు, తాళ్లు కడతారు, మైకులో అరుస్తారు. చిక్కంతా ఆ తరవాతే. వాన వెలిసి, ఎండ కాసి, నీళ్లు నాలుగు మెట్లు దిగాయంటే కాపలా పలచబడుతుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని కుటుంబాలు బయల్దేరేది సరిగ్గా అప్పుడే. ఒడ్డు కూలడం, చెట్టు వాలడం, బురదలో కాలు దిగబడడం, మెట్ల మీద పాము కనిపించడం కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే జరుగుతాయి.

వాన ఆగడం, నది తగ్గడం, నేల ఆరడం వేర్వేరు సంగతులు. మొదటిదానికి గంటలు పడితే, రెండోదానికి రోజులు, మూడోదానికి వారాలు పడుతుంది. పార్కుకు వెళ్లాలా వద్దా అన్నది నేలను చూసి తేల్చుకోవాల్సిన విషయం. జనం మాత్రం ఆకాశం చూసి తేల్చేస్తారు.

ముందు అంకెలు

కృష్ణ వరదను బెజవాడ ఆకాశం చెప్పదు. ఆ నీళ్లు మహారాష్ట్ర, కర్ణాటకల్లో కురిసిన వానవి. ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల దాటుకుని వస్తాయి. ఇక్కడ చినుకు పడని రోజున కూడా బ్యారేజీ దగ్గర ప్రమాద హెచ్చరిక ఇవ్వొచ్చు. దీనికి తోడు పులిచింతలకు దిగువన కలిసే మున్నేరు ఉంది. దాని వరదను పట్టి ఆపే పెద్ద జలాశయమేదీ లేదు. ఖమ్మం వైపు కుండపోత పడితే ఆ నీరంతా నేరుగా కృష్ణలోకి దిగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ఎగువ ప్రవాహం, స్థానిక వానలు ఒకేసారి కలిశాయి. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) నమోదై, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది. కొట్టుకొచ్చిన పడవలు ఢీకొని గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతిన్నదీ అప్పుడే.

బ్యారేజీ నీటిని ఆపి ఉంచుతుందన్న ధీమా చాలామందిలో ఉంది. లెక్క వేస్తే అది నిలవదు. ఎగువన నిలిచే నీరు మొత్తం 3.07 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 11 లక్షల క్యూసెక్కులు వస్తుంటే ఖాళీగా ఉన్న ఆ చోటంతా నిండడానికి ముప్పావు గంట చాలు. మొదటి హెచ్చరిక స్థాయి అయిన 3.97 లక్షల క్యూసెక్కుల దగ్గర కూడా రెండు గంటల పైచిలుకే. మామూలు రోజుల్లోనైనా అది ఖాళీగా ఉండదు కాబట్టి ఆ మాత్రం వ్యవధి కూడా దొరకదు. ఎగువ నుంచి ఎంత వస్తే అంతా దిగువకు వదలాల్సిందే. అందుకే బ్యారేజీ దిగువన నీళ్లు అంత త్వరగా పెరుగుతాయి. రెండో హెచ్చరిక 5.69 లక్షల క్యూసెక్కుల దగ్గర ఇస్తారు. గోదావరి మీద భద్రాచలంలో 43, 48, 53 అడుగులు, ధవళేశ్వరంలో 10, 13, 17 లక్షల క్యూసెక్కులు మూడు హెచ్చరికల స్థాయులు.

ఇక్కడే ఒక అపార్థం ఉంది. ఈ హెచ్చరికలు లంక గ్రామాలను, లోతట్టు కాలనీలను ఖాళీ చేయించడానికి పెట్టుకున్న గుర్తులు. పార్కుకు వచ్చేవాళ్ల కోసం పెట్టినవి కావు. ‘మొదటి హెచ్చరిక ఉపసంహరణ’ అన్న వార్త చూసి ఇక షికారుకు అడ్డేమీ లేదనుకోవడం పొరపాటు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగిన రోజున గోదావరిలో ప్రవాహం దాదాపు 5 లక్షల క్యూసెక్కులే. ధవళేశ్వరం మొదటి హెచ్చరికలో అది సగం.

బయల్దేరే ముందు ఒక్క అంకె చూసి ఊరుకోకూడదు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అంకెలు పక్కపక్కన పెట్టుకోవాలి. వరసగా తగ్గుతుంటే ఒక లెక్క. తగ్గి మళ్లీ పెరిగితే ఆ రోజుకు ప్రయాణం మానుకోవడమే మేలు. బ్యారేజీ ఔట్‌ఫ్లోతోపాటు పులిచింతల నుంచి ఎంత వదులుతున్నారో చూడాలి. బ్యారేజీ దగ్గర రేపటి అంకె చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయినప్పుడు అక్కడ వరదా లేదు, వానా లేదు. ఎగువన లార్జి డ్యాం నుంచి నీళ్లు వదిలారు. నది మధ్య రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నవాళ్లకు ఒడ్డెక్కే వ్యవధి లేకపోయింది.

నీళ్లు తగ్గాక ఒడ్డెందుకు కూలుతుంది

వరద నిండుగా ఉన్నన్నాళ్లూ గట్టు మట్టి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. అయినా కూలదు, ఎందుకంటే బయటి నుంచి నది నీరే దాన్ని తోసి పట్టి ఉంచుతుంది. గేట్లు దించి ప్రవాహం తగ్గించగానే ఆ ఆసరా ఒక్కసారిగా పోతుంది. గట్టు లోపలి నీరు మాత్రం అంత వేగంగా దిగదు. ఇసుక నేలైతే ఒకటి రెండు రోజుల్లో ఓడుస్తుంది, బంకమట్టి, నల్లరేగడి అయితే వారాలు పట్టుకుంటుంది. బయట ఆసరా లేక, లోపల బరువు తగ్గక గట్టు ముక్కగా జారిపోతుంది. నది ఎంత త్వరగా తగ్గితే ఈ ముప్పు అంత ఎక్కువ. ‘నీళ్లు భలే తీశాయి’ అని సంబరపడే రోజే అంచుకు దూరంగా ఉండాల్సిన రోజు.

జారబోయే గట్టు ముందే కొన్ని ఆనవాళ్లు ఇస్తుంది. అంచుకు సమాంతరంగా నేల మీద సన్నటి నెర్రె కనిపిస్తుంది. ఎండకు వచ్చే నెర్రెలు అల్లిబిల్లిగా ఉంటాయి, ఇది మాత్రం ఒడ్డు వెంట ఒకే గీతలా సాగుతుంది. రెయిలింగు ఒకచోట నది వైపు ఒరిగి ఉంటుంది. దీపస్తంభం నిటారుగా ఉండదు. నడక దారి టైల్సు ఒక వరసలో కొంచెం కుంగి ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెనక్కి తిరగాలి. ఏదీ కనిపించకపోయినా గట్టు ఎంత ఎత్తుంటే అంచు నుంచి దానికి కనీసం రెట్టింపు దూరంలో నడవడం మంచిది. మూడు మీటర్ల గట్టుకు ఆరు మీటర్లు.

టైల్సు దారులది మరో రకం మోసం. వాటిని చాలాచోట్ల ఇసుక పరిచి దాని మీద పేరుస్తారు. వరద ఆ ఇసుకను కింద నుంచి లాక్కుపోతుంది, పైన టైల్సు ఒకదాన్నొకటి పట్టుకుని చెక్కుచెదరనట్టే కనిపిస్తాయి. కర్రతో తడితే తేడా తెలుస్తుంది. కింద నిండుగా ఉంటే ‘టక్’మని గట్టిగా మోగుతుంది, డొల్లయితే బోలుగా వినిపిస్తుంది. ఇద్దరు మనుషులు నిలబడితే విరిగేది ఇలాంటి చోటే. ఘాట్ల కింది మెట్లకూ ఇదే పరీక్ష.

కరకట్ట మీదకు బండి వేసుకుని వెళ్లడం అనవసరం. వరద తరవాత ఆ రోడ్డు మీద ఇసుక బస్తాల లారీలు, జేసీబీలు తిరుగుతాయి. అంచున నిలిపిన నాలుగు కార్లు చాలు, వాటికి దారి లేకుండా చేయడానికి. తడిసిన గట్టు భుజం మీద చక్రాలు గాడి పెడితే, తరవాతి వానకు నీళ్లు ఆ గాడి పట్టుకుని లోపలికి దిగుతాయి. గట్టుకు ఊరి వైపున ఎక్కడైనా ఊట కనిపిస్తే దాని రంగు చూడాలి. తేట నీళ్లు చెమరుస్తుంటే అది వడపోతగా వచ్చే నీరు, అధికారులకు చెబితే సరిపోతుంది. మట్టి కలిసిన నీళ్లు వస్తున్నాయంటే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం, బుంగ పడుతోంది. అక్కడ నిలబడి వీడియో తీయకుండా 112కు ఫోన్ చేసి, దగ్గరలోని గుడి, ఘాట్, స్తంభం నంబరు లాంటి గుర్తు చెప్పి పక్కకు తప్పుకోవాలి.

మేటలు, మెట్లు, గేట్లు

నది తగ్గాక ఒడ్డున కొత్తగా ఇసుక మేటలు, ఒండ్రు దిబ్బలు తేలతాయి. పిల్లలకు అవి ఆటస్థలంలా కనిపిస్తాయి. ఇసుక మేట కొంత నమ్మదగ్గది, ఒండ్రు మేట అసలు కాదు. పై పొర ఎండి పెళుసుబారి, పాల మీద మీగడ కట్టినట్టుంటుంది. కింద ఇంకా జావే. మోకాలి దాకా దిగబడితే కాలు లాగిన కొద్దీ మరింత బిగుస్తుంది, ఎందుకంటే పాదం కింద గాలి చొరబడే సందు ఉండదు. దిగబడినవాళ్లు నిలబడి గుంజుకోకుండా వెనక్కి వాలి బరువు పరుచుకోవాలి, కాలిని చిన్నగా అటూ ఇటూ కదిలిస్తూ నీళ్లు లోపలికి చేరనివ్వాలి. ఒడ్డున ఉన్నవాళ్లు పలకో, వెదురు బొంగో అందించాలి గానీ తామూ దిగకూడదు.

ఘాట్ మెట్ల మీద వరద వదిలే పలచటి బురద పొర పాచి కంటే ఎక్కువ జారుతుంది. దాన్ని ఫైరింజను నీళ్లతో కడిగేదాకా దిగే పని పెట్టుకోకూడదు. స్నానానికి దిగేవాళ్లు గుర్తు పెట్టుకోవాల్సింది మరొకటుంది. వరద నది అడుగును తిరగరాస్తుంది. పోయిన నెల మోకాలి లోతు ఉన్నచోట ఇప్పుడు నిలువెత్తు గుంత ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఇదే రేవులో మునిగినవాళ్లే ఎక్కువగా పొరపాటు పడతారు, పాత లెక్క మీద నమ్మకంతో. కదిలే నీటి తోపు వేగానికి తగ్గట్టు పెరగదు, వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది. అందుకే ఉరవడిగా పోయే నీళ్లు పదిహేను సెంటీమీటర్లున్నా మనిషిని పడేయగలవు, అడుగు లోతు చిన్న కారును తేల్చగలదు.

బ్యారేజీ గేట్ల దిగువన చేపల కోసం దిగేవాళ్లను ప్రతి ఏడూ చూస్తాం. గేటు కింది నుంచి దూకిన నీరు కొంత దూరం పోయి, పై పొర వెనక్కి తిరిగి మళ్లీ గేటు వైపే దొర్లుతుంది. అందులో చిక్కినవాడిని అది పదేపదే కిందికి తొక్కుతుంది. గజ ఈతగాడైనా, లైఫ్ జాకెట్ ఉన్నా తేడా పెద్దగా ఉండదు, ఆ నీటిలో గాలి బుడగలు ఎక్కువై తేలే శక్తే తగ్గిపోతుంది. ఎవరైనా పడితే తాడు, చీర, కర్ర, ఖాళీ నీళ్ల డబ్బా విసరాలి. వెంట దూకితే ఒకరికి ఇద్దరవుతారు.

సుమారు 133 ఎకరాల భవానీ ద్వీపం బ్యారేజీకి ఎగువనే ఉంది. పెద్ద వరదల్లో అది మునుగుతుంది, బోట్లు ఆపేస్తారు. మళ్లీ మొదలుపెట్టాక కూడా మొదటి వారం తొందరపడకపోవడం మంచిది. నీళ్లలో సగం మునిగి తేలే దుంగలు, గుర్రపుడెక్క తెట్టెలు ఇంకా వస్తుంటాయి. తీగ ప్రొపెల్లరుకు చుట్టుకుంటే ఇంజను ఆగి బోటు వాలుకు కొట్టుకుపోతుంది. లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం దాటి పైకి వస్తే అది వదులు, పిల్లలకు పెద్దల జాకెట్ తొడిగితే జరిగేది అదే.

పార్కు లోపల

పచ్చిక మీద నడవకపోవడం వరద తరవాత నిజంగా ముఖ్యం. తడి నేలలో మట్టి రేణువుల మధ్య సందులు మెత్తబడి ఉంటాయి. అప్పుడు తొక్కితే అవి మూసుకుపోతాయి. గాలి, నీరు దిగే దారి లేక వేళ్లు కుళ్లుతాయి, మరుసటి వానకు నీళ్లు అక్కడే నిలుస్తాయి. నల్లరేగడిలో ఈ నష్టం మళ్లీ గుల్లించేదాకా పోదు. పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్దయి, వేలితో పొడిస్తే పొడిగా విడిపోవాలి. జిగటగా అంటుకుంటుంటే ఆ నేల మీద క్రికెట్టూ వద్దు, దుప్పటి పరిచి భోజనాలూ వద్దు. రెండు సెంటీమీటర్ల లోపు ఒండ్రు పడితే గరిక దాన్ని చీల్చుకుని వస్తుంది. ఆ లేత గరికను మొదటి రెండు మూడు వారాలు తొక్కకుండా వదిలితే పార్కు తనంతట తానే కోలుకుంటుంది. మందంగా పడితే గీకి తీయాల్సిందే, అది సిబ్బంది పని.

కాలిబాట మీద నీటి మడుగు ఎదురైతే అందరూ చేసేది పక్కనున్న గడ్డి మీదుగా చుట్టు తిరగడం. నెల తిరిగేసరికి బాట రెండింతలు వెడల్పవుతుంది, పక్కన గడ్డి ఉండదు. మామూలు వాన తరవాతైతే మడుగు మధ్యలోంచే బూట్లతో నడవమని చెప్పొచ్చు. వరద తరవాత ఆ సలహా చెల్లదు. మ్యాన్‌హోల్ మూతలు నీటి ఒత్తిడికి లేచిపోయి ఉంటాయి, అడుగు కనిపించని నీళ్లలో కాలు పెట్టకూడదు. మధ్యలోంచి వద్దు, పక్కనుంచి వద్దు అంటే ఇక మిగిలింది వెనక్కి రావడమే. ఇది ఎవరికీ నచ్చదు గానీ, వేరే దారి లేదు.

చెట్లు గాలివానకే పడతాయనుకుంటాం. నానిన నేలలో వేళ్లకు పట్టు తప్పి, గాలి కదలని మధ్యాహ్నం కూడా వాలుతాయి. మొదలు దగ్గర నేల ఒకవైపు ఉబ్బి, రెండోవైపు నెర్రె విచ్చి ఉంటే ఆ చెట్టు కింద బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు.

పుట్టలు, కలుగులు మునిగాక పాములు ఎత్తు చూసుకుని చేరతాయి. మెట్ల సందులు, రాళ్ల కట్ట, కొట్టుకొచ్చిన చెత్త కుప్పలు, టాయిలెట్ గదులు, చెట్ల తొర్రలు వాటి తావులు. కృష్ణా డెల్టాలో రక్తపింజర, నాగుపాము, కట్లపాము మూడూ ఉన్నాయి. కట్లపాము కాటు ఒక్కోసారి దోమ కుట్టినంత కూడా తెలియదు. కాబట్టి చెత్త కుప్పలో చేయి పెట్టకూడదు, చెప్పులతో కాకుండా చీలమండ కప్పే బూట్లతో వెళ్లాలి, చీకటి పడ్డాక ఉండకూడదు. కాటు పడితే గాటు పెట్టడం, తాడుతో బిగించి కట్టడం, పసరు రాయడం ఏదీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా చూసి 108 పిలవాలి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఆస్పత్రిలోనే ఉంటుంది. పామును కొట్టి వెంట తేవాల్సిన పనిలేదు, మన దేశంలో వాడే విరుగుడు మందు ప్రధానమైన నాలుగు విషసర్పాలకూ కలిపి తయారైనదే.

పార్కు లైట్ల తీగలు భూమిలోంచి పోతాయి. నీళ్లు చేరిన జంక్షన్ బాక్సు స్తంభానికి కరెంటు ఇవ్వొచ్చు, ఫౌంటెన్ తొట్టికీ ఇవ్వొచ్చు. పరీక్ష చేశామని సిబ్బంది చెప్పేదాకా ఇనుప స్తంభం, రెయిలింగు, ఊయల గొలుసు ముట్టుకోకూడదు. తెగిన తీగ కనిపిస్తే 1912కు చెప్పాలి. ఊయలల పునాదులు కోసుకుపోయి ఉంటాయి. పిల్లల ఇసుక తొట్టిలో మురుగునీళ్లు చేరి ఉంటే కడిగి లాభం లేదు, ఇసుక మార్చాలి. తాగునీటి కుళాయి జోలికి పోకుండా ఇంటినుంచే నీళ్లు పట్టుకెళ్లాలి.

శ్రమదానానికి వెళ్లేవాళ్లు ఉత్సాహం కంటే ముందు మందపాటి రబ్బరు గ్లోవ్స్, గమ్ బూట్లు, పొడవాటి చిమటా సిద్ధం చేసుకోవాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోవాలి. సీసా పెంకులు, సూదులు, మూత బిగించిన డ్రమ్ములు వస్తాయి. డ్రమ్ములను కదిలించకుండా కార్పొరేషన్‌కు చెప్పాలి. ఏరిన ప్లాస్టిక్‌ను అక్కడే తగలబెడితే చేసిన పనంతా వృథా. ఇక కరకట్ట మీద పట్టాలు కప్పుకుని ఉన్న ముంపు బాధితుల మధ్యకు కెమెరాతో వెళ్లడం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. అది వాళ్ల ఇల్లు, ఆ పూటకు.

పార్కు నుంచి వచ్చాక బూట్లు బయటే కడిగి ఎండలో పెట్టాలి, కాళ్లు సబ్బుతో కడిగి గీతలు పడ్డాయేమో చూసుకోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ అలాంటి గీతల్లోంచే లోపలికి వెళ్తుంది. సాధారణంగా ఐదు నుంచి పద్నాలుగు రోజుల్లో, ఒక్కోసారి నెల వరకు ఆలస్యంగా జ్వరం మొదలవుతుంది. పిక్కలు విపరీతంగా లాగడం, కళ్లు ఎర్రబడడం దాని ఆనవాళ్లు. అదే సమయానికి నిలవ నీళ్లలో పుట్టిన దోమలతో డెంగీ కూడా మొదలవుతుంది కాబట్టి రెండూ కలగలిసిపోతాయి. ఆ నెలలో జ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోకూడదు. డాక్టరు అడగకపోయినా ఫలానా రోజున వరద నీళ్లలో నడిచామని తేదీతో సహా చెప్పాలి. ఏ పరీక్ష ముందు రాయాలో ఆ ఒక్క మాటతోనే తేలొచ్చు.